వచ్చే వేసవికి వెళదాంలే!

ఇంట్లో ఓ మూగజీవం. అమ్మ చేతి వంట. తాతముత్తాతల ఊరు. పెద్దగా ఖర్చులేని ఆనందాలివి. కాస్త తీరిక చేసుకుంటే చాలు. కానీ అదేం చిత్రమో... అన్నిటికంటే ముందు వాయిదా పడేవీ ఇవే!

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఓ సంభాషణ తప్పనిసరి. నాయన పొద్దున్నే పేపరు తిరగేస్తూ లోపలి పేజీలో ఎక్కడో మూలన ఉండే శ్రీశైలం జలాశయం నీటిమట్టం వెతికేవాడు. చూసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, 'ఈసారి నీళ్లు బాగా తగ్గినాయి. పోయొద్దామా?' అనేవాడు.

'పోదాం నాయనా. పాప పరీక్షలు అయిపోనీ' అనేవాణ్ని నేను. పరీక్షలు అయ్యేసరికి ఆఫీసులో ఆడిట్. అది ముగిసేసరికి రోహిణి ఎండలు. ఎండలు తగ్గేసరికి వానలు. ఎగువనుంచి వరద వచ్చి కృష్ణమ్మ నిండిపోయేది. 'సరే, వచ్చే వేసవికి వెళదాంలే' అనుకునేవాళ్లం. అలా ఎన్ని వేసవులు దాటిపోయాయో లెక్కపెట్టుకోలేదు.

నాయన వెళదామన్నది తిరుపతికో ఊటీకో కాదు. తను పుట్టి పెరిగిన ఊరికి. ఆ ఊరి పేరు చెప్పినా మీకు మ్యాపులో దొరకదు. ఎందుకంటే అది నీళ్లలో ఉంది.

నీళ్లకింద ఊరు

కృష్ణానది మీద శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. డ్యాం పూర్తికావస్తుండగా, 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నది పొడవునా ఎన్నో ఊళ్లు ఉన్నపళంగా లేచిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తీసుకెళ్లి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడికైతే ఆ వీలు దొరికింది. ఇళ్లకు దొరకలేదు. ఎవరి దూలాలు, తలుపులు వాళ్లు పీక్కుని, నాపబండలు లారీలకెత్తుకుని, నలుగురూ నాలుగు దిక్కులకు వెళ్లిపోయారు.

అప్పటికి నాకు నాలుగేళ్లు. ఏమీ గుర్తులేదు. నాకు తెలిసిన ఊరంతా మా అవ్వ చెప్పిన ఊరే. రచ్చకట్ట, చింతచెట్టు, వంక దాటితే మా చేను, ఇంటిముందు రోలు. లారీలో చోటులేక ఆ రోలును వదిలేసి వచ్చారట. ఇంకోటి కూడా వదిలేసి వచ్చారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అవ్వ గొంతు మారిపోయేది. అది మా ఇంటి కుక్క. పేరు నల్లోడు.

లారీ ఎక్కించబోతే దూకేసిందట. బతిమాలారు, రొట్టె చూపించారు, తాడేసి లాగారు. ఊహూఁ... ఖాళీ అయిన ఇంటి గడపలో పడుకుని కదల్లేదు. 'వాడికేం తెలుసు నాయనా, నీళ్లు వస్తాయని? ఇల్లు కాయడమే వాడికి తెలుసు' అనేది అవ్వ. కొత్తగా చేరిన ఊళ్లో చాలాకాలం రాత్రిళ్లు అన్నాలయ్యాక ఓ రొట్టెముక్క విడిగా తీసి గోడమీద పెట్టేదట. తినడానికి నల్లోడు లేడని తెలిసీ. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నల్లోడు ఏమయ్యాడన్నది మాత్రం మా ఇంట్లో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నగానే మిగిలిపోయింది.

గుమ్మంలో ఎదురుచూపు

2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, మా అపార్ట్‌మెంట్ మెట్లకింద ఓ కుక్కపిల్ల దొరికింది. గోధుమరంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి... అచ్చమైన ఊరకుక్క. పాప దాన్ని ఎత్తుకొచ్చి 'రెండ్రోజులే' అంది. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తికాలేదు!

పాప పెట్టిన పేరు బ్రూనో. నాయనకు నోరు తిరగలేదో, తిప్పుకోవాలనిపించలేదో, మొదటిరోజు నుంచీ 'ఒరే నల్లోడా' అనే పిలిచాడు. రంగు నలుపు కాదు కదా తాతా అని పాప ఎన్నిసార్లు చెప్పినా అంతే. వాడు మాత్రం ఏ పేరుతో పిలిచినా తోకూపుకుంటూ వస్తాడు.

పెంచుకునేవాళ్లకు తెలుసు ఆ ఆనందమేమిటో. బయట మనం ఎవరమైతేనేం... ఆఫీసులో ఓ ఐడీ నంబరు, బ్యాంకులో ఓ ఖాతా నంబరు. లిఫ్టు తలుపు తెరుచుకోకముందే మన అడుగుల చప్పుడు పట్టేసి గుమ్మందగ్గర గంతులేసే ప్రాణం ఒకటుంటే, ఆ రోజు ఎంత చెత్తగా గడిచినా ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఇది ఉత్త మాట కాదు. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతోందని జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. తల్లీబిడ్డల మధ్య అనుబంధాన్ని పెనవేసేదీ ఆ హార్మోనే.

ఆ జపాన్‌లోనే ఓ కుక్క కథ ప్రపంచమంతటికీ తెలుసు. హచికో. రోజూ సాయంత్రం టోక్యోలోని షిబుయా స్టేషన్‌కు వెళ్లి యజమాని అయిన ప్రొఫెసర్ కోసం ఎదురుచూసేది. 1925లో ఆయన పనిచేసేచోటే హఠాత్తుగా చనిపోయాడు. ఆ సంగతి తెలియని హచికో 1935లో తను కన్నుమూసేదాకా అక్కడికి వెళ్తూనే ఉంది. మనకైతే అంతదూరం వెళ్లనక్కర్లేదు. వెంట వచ్చిన కుక్కను వదిలేసి రమ్మంటే స్వర్గమే వద్దన్న ధర్మరాజు కథ మన మహాభారతంలోనే ఉంది.

అయితే ఒక్క విషయం. కుక్కను తెచ్చుకోవడమంటే సోఫా కొనుక్కోవడం కాదు. పది పన్నెండేళ్ల బాధ్యత. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత ఏటా పశువైద్యుడు చెప్పినట్టు వేయిస్తుండాలి. పొద్దునా సాయంత్రం నడిపించాలి. మనం తినేదల్లా పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ వాటికి విషంతో సమానం. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించడం కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాగని పక్కింటివాళ్ల ఇబ్బంది పట్టించుకోకపోతే ఎలా? లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోవడం, వాడు చేసింది మనమే శుభ్రం చేయడం... ఇవి చట్టం చెప్పాల్సిన పనులు కావు.

ఇంకో విషయం. మనకు పదేళ్లంటే ఓ ఇంటి అప్పు సగం తీరే కాలం. వాడికి అదే మొత్తం జీవితం. సాయంత్రం గొలుసు నోట కరుచుకుని వచ్చిన కుక్కతో 'రేపు వెళదాంలేరా' అన్నప్పుడల్లా మనం వాయిదా వేస్తున్నది వాడి ఆయుష్షులోంచి.

అమ్మ చేతి కొలత

మా ఇంట్లో వాయిదా పడ్డ రెండోది అమ్మ దగ్గర వంట నేర్చుకోవడం.

మా అమ్మ జొన్నరొట్టె తడితే ఇల్లంతా ఓ లయ వినిపిస్తుంది. టప్ టప్ టప్... ఆ చప్పుడుకు నల్లోడు వంటింటి గడప దగ్గర హాజరు. రొట్టె పెనంమీద పొంగుతుంటే తడిగుడ్డతో పైన అద్దుతుంది. పక్కన బుడ్డల ఊరిబిండి. మావైపు వేరుశనగల్ని బుడ్డలంటాం. వాటిని దోరగా వేయించి, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరితే ఊరిబిండి. మెత్తగా చేస్తే అది చట్నీ అవుతుంది తప్ప ఊరిబిండి కాదని అమ్మ తీర్పు. పొద్దునపూట బొరుగులతో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. పండగొస్తే బొబ్బట్లు... మేం వాటిని ఓళిగలంటాం.

మా ఆవిడ ఓసారి పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. 'అత్తయ్యా, పిండికి నీళ్లెంత?' 'పిండి అడిగినన్ని.' 'ఉప్పెంత?' 'వేలితో చిటికెడు.' 'ఎవరి వేలితో?' అమ్మ నవ్వేసింది. ఆ కొలతలు పుస్తకానికి ఎక్కవు. అవి చేతిలో ఉంటాయి. చేతినుంచి చేతికే వస్తాయి.

నేర్చుకోవడం మొదలుపెడితే తెలిసింది, ప్రతి 'ఊరికే అలా'కూ ఓ కారణం ఉందని. జొన్నపిండిని మరిగే నీళ్లతోనే ఎందుకు కలపాలి? గోధుమపిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ జొన్నలో ఉండదు. వేడినీళ్లకు పిండిపదార్థం ఉబ్బి జిగురొస్తేనే రొట్టె విరగకుండా నిలుస్తుంది. కలిపి పక్కన పెడితే కుదరదు, అప్పటికప్పుడు తట్టాల్సిందే. ఇవేవీ అమ్మకు తెలియవు. 'నీళ్లు తెర్లకపోతే రొట్టె పగులుతుంది' అన్నది మాత్రం తెలుసు. అది చాలు!

భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఒకప్పుడు 'రొట్టెలు తినేవాళ్లు' అని నామోషీగా చూసిన జొన్న, సజ్జ, కొర్ర ఇప్పుడు సూపర్‌మార్కెట్లో రంగురంగుల ప్యాకెట్లలోకి ఎక్కాయి. మన దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఇంటివంట అయినంత మాత్రాన అన్నీ మంచివేననీ కాదు. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటొద్దన్న మాట ఆవకాయ జాడీ ముందు కూర్చున్న మనకే ఎక్కువ వర్తిస్తుంది. కానీ ఇంట్లో వండుకుంటే ఆ ఉప్పు ఎంతో, నూనె ఏదో మన చేతిలో ఉంటుంది.

పుస్తకాలు లేవని కాదు. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' పుట్టింటి సారెతోపాటు అత్తారింటికి చేరిన రోజులున్నాయి. యూట్యూబ్ వచ్చాక, పొలంలో కట్టెలపొయ్యి పెట్టి వండిన గుంటూరు జిల్లా మస్తానమ్మను ప్రపంచమంతా చూసింది. నూరేళ్లు దాటిన ఆ అవ్వ 2018 డిసెంబరులో కన్నుమూసింది. ఆమె వంటను లక్షలమంది చూశారు సరే, మన ఇంట్లో ఉన్న అవ్వ వంటను ఎవరు చూస్తున్నారు? మా అవ్వ చేసే ఎండుగోంగూర పప్పు రుచి నాకు నాలుకమీద ఉంది. ఎలా చేసేదో అమ్మకు కూడా సరిగ్గా తెలియదు. 'అడుగుదామనుకుంటూనే ఉన్నా' అంటుంది. అదీ 'వచ్చే వేసవి' లాంటిదే.

ఎట్టకేలకు బయల్దేరాం

2024 ఫిబ్రవరిలో మా పెదనాయన పోయాడు. కర్మలయ్యాక ఇంటికొచ్చిన నాయన రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఒక్కమాటన్నాడు. 'మన ఇల్లు యాడుండేదో కచ్చితంగా చెప్పగలిగినోడు అన్న ఒక్కడే.'

ఆ వేసవిలో కృష్ణ బాగా ఎండింది. పాప పరీక్షలున్నాయి, ఆఫీసులో ఆడిట్ ఉంది, ఎండలు మండుతున్నాయి. అయినా ఓ శనివారం తెల్లవారుజామున అందరం కారెక్కాం. అమ్మ రాత్రే రొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. ఊరిబిండి స్టీలు డబ్బాలో. నల్లోడు వెనకసీట్లో, కిటికీలోంచి తల బయటపెట్టి.

హైదరాబాద్ నుంచి కర్నూలు, అక్కడినుంచి నందికొట్కూరు మీదుగా ముందు సంగమేశ్వరం చేరాం. కొత్తపల్లె మండలంలోని ఈ గుడి మామూలు రోజుల్లో నీళ్లలోనే ఉంటుంది. జలాశయం బాగా తగ్గిన వేసవుల్లోనే బయటికొస్తుంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి... ఏడు నదులు కలిసేచోటని పేరు. లోపలున్నది వేపచెక్క లింగం. భీముడు తేవలసిన శివలింగం వేళకు రాకపోతే ధర్మరాజు వేపమొద్దునే లింగంగా ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీళ్లలో మునిగీ నిలిచి ఉన్న లింగమని చెప్పుకుంటారు. ధర్మరాజు పేరు వినగానే పాప నల్లోడి వంక చూసి నవ్వింది.

అక్కడినుంచి మా ఊరికి. నదిగర్భంలో దారేముంటుంది? స్థానికుడొకరిని వెంటబెట్టుకున్నాం. పైకి ఎండినట్టు కనిపించినా కింద బురద ఉంటుంది, తెలియనివాళ్లు అడుగు పెట్టకూడదు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట రైతులు అప్పటికప్పుడు వేసుకున్న పైర్లు, ఒడ్డున చేపలవాళ్ల గుడిసెలు, బోర్లించిన పుట్టీలు. దూరంగా నల్లమల కొండలు. మోకాళ్ల నొప్పులని మా ఇంటి మేడమెట్లు ఎక్కని నాయన ఆ పగుళ్ల నేలమీద ముందు నడిచాడు. కొండల వరసను చూసుకుంటూ 'ఆ రెండు గుట్టలూ ఒకదాని వెనక ఒకటి వస్తే అదే మన రచ్చకట్ట' అన్నాడు. నడిచాం. వచ్చాయి. కాళ్లకింద ఓ రాతికట్టు.

తర్వాత అన్నీ గీతలే. పునాదుల గీతలు. పెంకులు, కుండముక్కలు, పూడిపోయిన బావి. ఒకచోట సగందాకా మట్టిలో కూరుకుపోయి ఓ రోలు. అమ్మ దాని పక్కన కూలబడి చెంగుతో మట్టి తుడిచింది. 'మనదేనంటావా?' అంది. నాయన చుట్టూ చూశాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. 'అన్న ఉంటే చెప్పేవాడు' అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. అక్కడే కూర్చుని రొట్టెలు విప్పాం. నల్లోడికి వాడి వాటా వాడికి, ఊరిబిండి లేకుండా.

తింటుండగా గొర్రెలు తోలుకుంటూ ఓ పెద్దాయన వచ్చాడు. 'యా ఊరప్పా మీది?' అని పలకరించాడు. 'ఇదే' అన్నాడు నాయన. ఆ ఒక్కమాటతో ఆయన గొర్రెల్ని వదిలేసి కూర్చున్నాడు. పక్కనే మునిగిపోయిన ఇంకో ఊరివాడట. మా తాత పేరు చెబితే కాసేపు ఆలోచించి, 'తెల్లెద్దుల జత ఉండేది, వాళ్లా?' అన్నాడు. నాయన కళ్లు మెరిశాయి. డెబ్భైఆరేళ్ల మనిషిని తన తండ్రి ఎద్దులతో గుర్తుపట్టేవాళ్లు హైదరాబాద్‌లో ఎవరున్నారు?

రొట్టె అందుకుంటూ ఆయన నల్లోడిని చూసి అన్నాడు. 'అప్పుడు ఊళ్లు ఖాళీ చేసినపుడు కుక్కలు శానా ఉండిపోయినాయి. నీళ్లొచ్చేకొద్దీ అన్నీ ఆ మిట్టమీదికి చేరినాయి. మేము ఆ మిట్టకాడ్నే గుడిసెలేసుకోని ఉంటిమి. మేమే ఇన్ని రొట్టెముక్కలు ఏస్తాంటిమి. మా పిల్లోళ్లతోనే తిరుగుతా పెరిగినాయి.'

నాయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. వాటిలో నల్లోడు ఉన్నాడో లేడో ఎవరు చెప్పగలరు? కానీ నీళ్లొచ్చేదాకా గడపలోనే ఉండి మునిగిపోయి ఉంటాడన్నదొక్కటే ఇన్నేళ్లూ మా ఇంట్లో అనుకుంటున్నది. రొట్టెముక్క వేసినవాళ్లు ఉన్నారని నాలుగు దశాబ్దాల తర్వాత తెలిసింది. ఆ జవాబు ఇన్నాళ్లూ ఇక్కడే, ఈ మిట్టమీదే గొర్రెలు కాసుకుంటూ ఉంది. మేం రాలేదంతే. అవ్వ ఉండగా ఒక్కసారి వచ్చి ఉంటే... ఆ గోడమీద రొట్టెముక్క పెట్టేటప్పుడు ఆమె మనసు కాస్త తేలికపడేది కదా!

మీ ఊరెక్కడ?

మా ఊరు నీళ్లలో ఉంది కాబట్టి వేసవికోసం ఎదురుచూడాలి. మీ ఊరికి ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ అది ఎక్కడుందో ఇంట్లో ఎంతమందికి తెలుసు? 'మాది అసలు ఫలానా వైపు' అని మొదలుపెట్టి ఆగిపోయే ఇళ్లే ఎక్కువ.

ఆఫ్రికానుంచి బానిసగా తెచ్చిన పూర్వీకుడి ఊరు వెతుక్కుంటూ వెళ్లి అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' తెలుగులో 'ఏడుతరాలు'గా ఎందరినో కదిలించింది. మనవాళ్లలోనూ అలాంటి ప్రయాణాలు చేయాల్సినవాళ్లున్నారు. 1834 నుంచి కూలీలుగా ఓడలెక్కి మారిషస్ వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు దిగిన పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఆనాటి వలస రికార్డులు అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1860లో మద్రాసునుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది మొదలు దక్షిణాఫ్రికాకు వెళ్లినవాళ్లదీ ఇదే కథ. సముద్రాలు దాటినవాళ్ల మునిమనవలే కాగితాలు పట్టుకుని ఊళ్లు వెతుక్కుంటుంటే, బస్సెక్కితే చేరిపోయే మనకేమైంది?

ఇలా మొదలుపెట్టండి

* ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తాత, ముత్తాత పేర్లు, వాళ్ల ఇలవేల్పు గుడి, పొలం పేరు, చెరువు పేరు... ఏది చెప్పినా రాసుకోండి. వీలైతే సెల్‌ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి. రేపు సమాచారం కంటే ఆ గొంతే విలువైనదవుతుంది.

* ఇంటిపేరు గమనించండి. పల్లి, పాడు, ఊరు, పూడి, కొండ అని ముగిసే ఇంటిపేర్లు చాలావరకూ ఊళ్లపేర్లే. ఎప్పుడో ఆ ఊరునుంచి వచ్చినవాళ్లని అర్థం.

* పాత కాగితాల్లోని జిల్లా పేరు చూసి కంగారుపడొద్దు. ఒంగోలు 1970కి ముందు గుంటూరు జిల్లాలోది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. మా నాయన కాగితాల్లో కర్నూలు జిల్లా అని ఉన్న సంగమేశ్వరం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో.

* తెలంగాణలో అయితే 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుల పేర్లు ఉంటాయి. తాత పేరు అక్కడ కనిపించొచ్చు.

* ఊరి పాత చరిత్ర కావాలంటే 'కైఫీయతులు' చూడండి. 1821లో మరణించిన కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులతో ఊరూరా సేకరింపజేసిన వివరాలవి. కొన్ని పుస్తకాలుగా అచ్చయ్యాయి.

* ఊరికి వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. వాళ్లకు అక్కడ విసుగొస్తుందనుకోవడం మన భ్రమ. చెరువు, మేకపిల్ల, వేపచెట్టు ఉంటే చాలు వాళ్లకు.

వాటికీ ఓ గడువుంది

తిరిగొచ్చాక మా ఇంట్లో కొన్ని మారాయి. ఆదివారం పొద్దున రొట్టెలు తట్టేది నేను, పాప. నావి ఇంకా ఆంధ్రప్రదేశ్ పటంలాగే వస్తున్నాయి. పాపవి గుండ్రంగా వస్తున్నాయి. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పడుతుంది. ఎండుగోంగూర పప్పు గురించి అవ్వ చెల్లెలి కూతురు ఒకామె ఆత్మకూరులో ఉందని తెలిసి ఫోన్ చేశాం. 'ఫోన్‌లో చెప్పేది కాదబ్బీ, ఇంటికి రాండి' అంది. వెళ్లొచ్చాం. రుచి అవ్వ చేసినదానికి దగ్గరగా వచ్చింది. అంతే కాదు. దగ్గరగానే. ఆ మిగిలిన కాస్త ఇక ఎప్పటికీ రాదు.

సెలవులు మళ్లీ వస్తాయి, జీతం మళ్లీ వస్తుంది. గొలుసు నోట కరుచుకుని వచ్చే కుక్క, వేలితో ఉప్పు కొలిచే అమ్మ, ఇంటి గడప ఎక్కడుండేదో చూపించగల పెదనాయన... వీళ్లకు మాత్రం ఓ గడువుంది. అది ఎప్పుడన్నది మనకు చెప్పరు.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ చివరి రొట్టెలోంచి ఓ ముక్క విడిగా తీసి పెడుతుంది. అవ్వ దగ్గర వచ్చిన అలవాటట. ఇప్పుడది గోడమీద ఎండిపోదు. నల్లోడు తినేస్తాడు.

మొన్న నాయన పేపరు మడిచి, కళ్లద్దాలు తీసి, 'నీళ్లు తగ్గుతాండాయి' అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాప అడిగింది.

'ఏ రోజు వెళదాం తాతా?'